బ్లూసు గానము – న్యూపోర్టు కచేరీ

సంగీతమును విమర్శించువారిలో రెండు తెగలవారు కలరు. పాటలోని స్వరములను, కాలప్రమాణమును, సాహిత్యమును శాస్త్రముతో తూచి గుణదోషములను నిర్ణయించువారు మొదటి తెగ. పాట విన్న సభ యెంత కదలినదో చూచి దానినిబట్టి మెచ్చుకొనువారు రెండవ తెగ. మొదటివారికి సభతో పనిలేదు. రెండవవారికి శాస్త్రముతో పనిలేదు. అమెరికాదేశమునందలి నల్లజాతివారి బ్లూసు గానమునకు ఈ యిరుతెగలవారివలనను అన్యాయమే జరిగినది. మూడు స్వరమేళనములతో ముగిసిపోవు పామరుల పాటయని మొదటివారు దానిని త్రోసివేసిరి. ఒడలు మఱపించు ఉద్రేకమే దాని సర్వస్వమని రెండవవారు పొగడి, ఆ పొగడ్తతోనే దానిని కళల వరుసనుండి తొలగించిరి. ఉద్రేకము గలచోట నియమ ముండదనియు, నియమము గలచోట ఉద్రేకమునకు తావులేదనియు తలచుటయే ఈ రెండు దురభిప్రాయములకును మూలము.

ఈ తలంపు సత్యమగునా కాదా యని తేల్చుటకు ఊహలకంటె ఒక కచేరీని తీసికొని పరీక్షించుట మేలు. 1960వ సంవత్సరము జూలై 3వ తేది ఆదివారము అపరాహ్ణమున, రోడ్ ఐలండు రాష్ట్రమునందలి న్యూపోర్టు పట్టణమున, మడ్డీ వాటర్సు అను గాయకుడు తన బృందముతో చేసిన కచేరీని మే మిందులకై యెన్నుకొనుచున్నాము. చెస్ కంపెనీవారు దానిని సభికుల కేకలతో సహా ముద్రించి ఆ సంవత్సరమే రికార్డుగ ప్రకటించిరి. ఆనాడు తీసిన చలనచిత్రమును కొంత మిగిలి యున్నది. ఆ రెంటిని మేము పలుమాఱులు పరిశీలించి యున్నాము. ఈ బృందపు ఉత్సాహము విచ్చలవిడితనము కాదనియు, అది యెంతయో కట్టుబాటుతో కూడిన విద్య యనియు, ఆ విద్యను కనిపెట్టినవారి బ్రదుకును ఎఱుగక దాని యానందమును మాత్రము పుచ్చుకొనుట సహృదయతకు లోపమనియు మా యభిప్రాయము.

మొదట బ్లూసు అన నేమో చెప్పవలెను. ఈ గానము మిసిసిపీ మొదలగు దక్షిణరాష్ట్రముల ప్రత్తిచేలలో పుట్టినది. 1865లో దాసత్వము చట్టముచే రద్దయినను, నేల దొరలదిగనే నిలిచినది. నల్లవాడు దొర పొలమును దున్ని పంటలో పాలు తీసికొనవలెను. విత్తనములకును తిండికిని చేసిన యప్పు పోగా సంవత్సరాంతమున అతనికి మిగులునది తఱచుగా మఱియొక యప్పే. ఇంతకు చాల పూర్వమే వారి వాద్యములపైనను శాసనములు పుట్టినవి. 1739లో దక్షిణ కరోలినాలో దాసులు తిరుగబడి డోళ్లు మ్రోయించుచు నడచిరి. మఱునాటి యేటి చట్టమున దాసులకు డోళ్లు నిషేధింపబడెను. డోలు పోయినను తాళము పోలేదు. అది కాళ్లలోనికిని చేతులలోనికిని, పనిచేయుచు పాడు పాటలోనికిని, ప్రార్థనామందిరపు చప్పట్లలోనికిని దిగి బ్రదికినది. బ్లూసు బృందపు ఊపును పశుప్రాయమనువారు, ఆ యూపును నిలుపుకొనుటకు ఒక జాతి యెంత పాటుపడినదో గమనింపరు.

ఈ పాటకు సామాన్యమైన అచ్చు పండ్రెండు కాలఖండములది. అందు మూడు పాదములు. మొదటి పాదమున గాయకుడు తన మాట చెప్పును. రెండవ పాదమున దానినే మరల చెప్పును. మూడవ పాదమున దానికి సమాధానమో, కారణమో, కొంటె విఱుపో వచ్చును. ఒక్కొక్క పాదము సగము దూరము నడచునప్పటికి మాట ఆగును. మిగిలిన సగమున గిటారో, నోటివాద్యమైన హార్మోనికాయో బదులు పలుకును. బుఱ్ఱకథలో కథకుని మాటకు వంతలు వంత పలికినట్లే యిచట వాద్యము పలుకునని మన చదువరులు గ్రహింపవచ్చును. స్వరములలో కొన్ని పాశ్చాత్యుల పియానో మెట్లకు నడుమ నుండును. వానిని గొంతుకతో జాఱవిడిచియో, తంత్రిని ప్రక్కకు లాగియో, లోహపు గొట్టమును తంత్రులపై నడిపియో రాబట్టవలెను. మూడు స్వరమేళనములేకదా యని పరిహసించినవారు ఈ నడిమి స్వరములను లెక్కింపలేదు. వారి చేతనున్న కొలబద్దలో ఆ గీతలు లేవు.

మడ్డీ వాటర్సునకు తల్లిదండ్రులిడిన పేరు మెకిన్లీ మోర్గన్‌ఫీల్డు. అతడు 1913 ప్రాంతమున మిసిసిపీలో జన్మించి, క్లార్క్స్‌డేలు సమీపమున స్టోవల్ వారి ప్రత్తితోటలో అవ్వ పెంపకమున పెరిగెను. చిన్నతనమున బురదనీటిలో ఆడుచుండుటచే వచ్చిన ముద్దుపేరే పిమ్మట లోకప్రసిద్ధమయ్యెను. 1941లో ఆలన్ లోమాక్సు, జాన్ వర్కు అనువారు అమెరికా జాతీయ గ్రంథాలయమున భద్రపఱచుటకై జానపదగానములను సేకరించుచు ఆ తోటకు వచ్చి అతని పాటలను ముద్రించిరి. తన గొంతును యంత్రమునుండి తాను విన్న పిమ్మట అతనికి తన విద్యయందు నమ్మకము కుదిరినది. 1943లో అతడు రైలెక్కి చికాగో నగరమునకు పోయెను. 1910కిని 1970కిని నడుమ దక్షిణమును విడిచి ఉత్తరమునకును పడమరకును పోయిన సుమారు అఱువదిలక్షల నల్లజాతివారిలో అత డొకడు.

చికాగోకు వచ్చిన పిమ్మట ఈ గానము రూపు మాఱినది. పల్లెలో ఒక గొంతు, ఒక గిటారు చాలును. నగరపు పానశాలలో జనము కిక్కిరిసి మాటలాడుచుందురు, గ్లాసులు మ్రోగుచుండును. అచట కఱ్ఱగిటారు వినబడదు. కావున విద్యుద్గిటారు వచ్చినది. హార్మోనికాను మైకుతో కలిపి రెండుచేతుల దొప్పలో పట్టుకొని ఊదు నేర్పు వచ్చినది. పియానో, డ్రమ్ములు, మంద్రస్వరపు బేసువాద్యము చేరినవి. కనుక ఈ బిగ్గఱతనము వేడుకకై తెచ్చిపెట్టుకొన్నది కాదు. పగలు కర్మాగారములలో యంత్రముల హోరున పనిచేసి వచ్చిన శ్రోతలకు వినబడునట్లు పాడవలసిన యవసరమునుండి అది పుట్టినది. 1958లో మడ్డీ వాటర్సు ఇంగ్లండునకు పోయి పాడినపుడు, అంతకుముందు బిగ్ బిల్ బ్రూంజీ కఱ్ఱగిటారుతో పాడగా విని ముచ్చటపడిన కొందఱు, ఈ విద్యుద్గిటారు చప్పుడునకు కలతపడిరి. పల్లెటూరి పాట యెన్నటికిని పల్లెటూరి పాటగనే యుండవలెనని వారి కోరిక. ప్రత్తిచేను విడిచి వచ్చినవాని పాట మాత్రము ఆ చేనిలోనే నిలిచిపోవలె ననుట జానపదకళాభిమానము కానేరదు. ఇతరుల పేదఱికమును కొయ్యబొమ్మవలె అలమారులో పెట్టుకొని చూడగోరుట యగును.

ఇక న్యూపోర్టు. అది సముద్రతీరమున ధనవంతుల వేసవి విడిదులతో నిండిన పట్టణము. పదునెనిమిదవ శతాబ్దమున ఆ రేవునుండియే యనేక నౌకలు ఆఫ్రికాకు పోయి మనుష్యులను కొని తెచ్చి అమ్మినవి. అట్టి పట్టణమున 1954 మొదలు జార్జి వీన్ అనువాడు ఏటేట జాజ్ సంగీతోత్సవమును నడపుచుండెను. 1960 జూలై 2వ తేది శనివారము రాత్రి, లోపల చోటుదొరకని వేలకొలది యువకులు, పలువురు మద్యపానమత్తులై, వీధులలో అల్లరి చేసి సీసాలు విసరిరి. పోలీసులు బాష్పవాయువును ప్రయోగించిరి. సైనికదళము రావలసి వచ్చినది. పట్టణ పాలకసభవారు ఉత్సవమును ఆపివేయుటకు నిశ్చయించి, మఱునాటి మధ్యాహ్నపు బ్లూసు కార్యక్రమమును మాత్రము సాగనిచ్చిరి.

ఈ సంగతిని విమర్శకులు మనసున నుంచుకొనవలెను. ఉద్రేకపు పాట యువకులను చెఱచునని వాదించువారు న్యూపోర్టు అల్లరిని ఉదాహరణముగ చూపగోరవచ్చును. కాని అల్లరి చేసినవారు పాట విన్నవారు కారు. వినుటకు లోపల చోటు దొరకక బయట త్రాగుచు నిలిచినవారు. వారిలో అధికులు శ్వేతజాతి విద్యార్థులు. మఱునాడు లోపల కూర్చుండి మడ్డీ వాటర్సు పాటకు లేచి యాడినవారివలన ఎవరికిని హాని కలుగలేదు. దోషము పాటదే యైనచో, దానిని చెవులార విన్నవారియందే ఎక్కువగ కనబడవలెను గదా!

ఆనాటి వేదికపై మడ్డీ వాటర్సుతో నున్నవారు ఐదుగురు. పియానోపై ఓటిస్ స్పాన్, హార్మోనికాతో జేమ్స్ కాటన్, గిటారుతో పాట్ హేర్, బేసువాద్యముతో ఆండ్రూ స్టీవెన్సు, డ్రమ్ములపై ఫ్రాన్సిస్ క్లే. కాటనునకు అంతకు రెండుదినముల ముందే ఇరువదియైదేండ్లు నిండినవి. మడ్డీ వాటర్సు ఆనాడు ప్రధానముగ గాత్రమునే నమ్ముకొని, గిటారు పని చాలవఱకు హేరునకు విడిచెను. అతని గొంతు సన్ననిది కాదు, తీయనిదియు కాదు. లావైన త్రాటివలె పేటలు పేటలుగ నుండును. మాటను అతడు తాళముమీద సరిగ వేయడు. ఒక వెండ్రుకవాసి వెనుకకు లాగి వేయును. ఆ యాలస్యమువలననే, త్వరపడనక్కఱలేని పెద్దమనిషి పలుకువలె, ఆ మాటకు బరువు కలుగును. ఈ వెనుకబాటు ఎంతయో తెలిసి, దానికి చోటు విడిచి వాయించుటయే బృందమువారి విద్య. వాద్యగాండ్రలో ఒకడు తొందరపడినను ఆ బరువు నేలపాలగును.

నియమము కానవచ్చుటకు "హూచీ కూచీ మేన్" అను పాట మంచి సాక్ష్యము. విల్లీ డిక్సను రచించి యిచ్చిన ఈ పాటను మడ్డీ వాటర్సు 1954లో మొదట ముద్రించెను. అందు బృందమంతయు ఒక్కచేయివలె కొన్ని స్వరముల చిన్న తునకను కొట్టి, కోసినట్లు ఆగును. ఆ నిశ్శబ్దములో గాయకు డొక్కడే ఒక మాట పలుకును. మరల తునక, మరల నిశ్శబ్దము, మరల మాట. ఇట్లు సాగి సాగి, పల్లవి వచ్చునప్పటికి కట్టతెగిన చెరువువలె వాద్యములన్నియు ఒక్కమాఱు పాఱును. సభికుల యుత్సాహము చప్పుడువలన కలుగుచున్నదని పైపైన చూచువారికి తోచును. నిజముగ అది కలుగునది ఆపుదలవలన. ఎప్పుడు ఊరకుండవలెనో ఆఱుగురికిని ఒక్క క్షణముననే తెలియుట అభ్యాసమువలన గాని రాదు. ఇట్టి ఊరకుండుటను విచ్చలవిడితనమని యెవ్వరనగలరు?

కచేరీకంతటికిని శిఖరము "గాట్ మై మోజో వర్కింగ్" అను పాట. ఇది మొదట ఆన్ కోల్ అను గాయని పాడినది. మడ్డీ వాటర్సు ఆమెవలన విని గ్రహించి తనదిగ చేసికొనెను. మోజో యనగా వేరులు, ఎముకలు మొదలగునవి కట్టిన మంత్రపు మూట. దక్షిణపు నల్లజాతివారి మూఢవిశ్వాసములలో నొకటి. సంస్కారాభిమానులైన చదువరులకు ఈ మాట వినగనే పాటపై విముఖత కలుగవచ్చును. కాని సాహిత్యమును ఒక్కింత పరిశీలింపుడు. పాడువానికి కావలసినది ఒక్క స్త్రీ మనసు; లోకములో నందఱిపైనను పనిచేయు మంత్రము ఆమెపై మాత్రము పనిచేయదు. ఇంకను గొప్ప మంత్రము నేర్చుకొనవలెనని యతడు బయలుదేరును. మంత్రము విఫలమైన సంగతినే పల్లవిగ చేసికొని నవ్వుచు పాడువాడు మంత్రమును ప్రచారము చేయుచున్నాడా, పరిహసించుచున్నాడా? మూఢవిశ్వాసమును ఖండించుటకు ఉపన్యాస మొక మార్గము; దానిని చూచి నవ్వుకొనుట మఱియొక మార్గము. ఈ పాట రెండవ మార్గమున పోయినది.

ఈ పాటను బృందమువారు మిక్కిలి త్వరితగతిని ఎత్తుకొనిరి. క్లే డ్రమ్ములపై తాళము పరుగిడుచుండును. స్పాను కుడిచేయి పియానో పైస్థాయిలో వడగండ్లవలె రాలుచుండును. గాయకుడు పల్లవి పలుకగనే బృందమువారు దానిని తిరిగి పలుకుదురు. నడుమ కాటన్ హార్మోనికా ఎత్తుకొనును. ఊదుట, పీల్చుట రెండును స్వరములే యగు ఆ చిన్నవాద్యమున ఊపిరి తీయుటకు వేఱుగ ఎడములేదు. తీసిన ఊపిరియే పాట. చలనచిత్రమున చూచిన, నలువదియేడేండ్ల వయసుగల మడ్డీ వాటర్సు అడుగులు త్రొక్కుచు, కాటనును చేతులతో పట్టుకొని జంటగ గిరగిర తిరుగును. ఆ యాటలో అసభ్యత కాని, వేషము కాని లేదు. తన కంఠమునుండి వచ్చినది తన కాళ్లలోనికి దిగినపుడు కాళ్లను ఆపుట అతనికి అబద్ధముగ తోచినట్లున్నది. పాట ముగిసినను సభ విడువలేదు. బృందమువారు దానినే మరల నెత్తుకొనిరి. రికార్డున రెండు భాగములును ఒకదాని వెంట నొకటి యున్నవి. రెండవమాఱు పాడినపుడు క్రొత్త స్వరము లేమియు చేరలేదు. చేరినది సభయే. మొదటిమాఱు వినుచుండినవారు రెండవమాఱు పాటలో భాగమైరి. అచ్చువేసిన స్వరలిపిలో ఈ భేదము కానరాదు. అందుచేతనే ఈ గానమును కాగితముమీద మాత్రము పరీక్షించుట న్యాయము కాదని మే మనుచున్నాము.

క్రైస్తవ ప్రార్థనామందిరములలోని పెద్దలు పలువురు బ్లూసును సైతాను పాటయని నిందించుచు వచ్చిరి. ఆ నిందకు చరిత్రయే సమాధాన మిచ్చుచున్నది. మా రేనీ యను ప్రసిద్ధగాయనికి పియానో వాయించి, జార్జియా టామ్ అను పేరుతో కొంటెపాటలు పాడిన థామస్ డార్సీయే, పిమ్మట నల్లజాతివారి భక్తిగీతములకు తండ్రియని కీర్తింపబడెను. భార్యయు, అప్పుడే పుట్టిన శిశువును మరణించిన దుఃఖమున 1932లో అతడు రచించిన "ప్రెషస్ లార్డ్" అను కీర్తన నేటికిని ఆ మందిరములలో పాడుచున్నారు. పిలుపునకు బదులు పలుకుట, స్వరమును జాఱవిడుచుట, చప్పట్లతో సభను కూడగట్టుట, ఇవి శనివారపు రాత్రికిని ఆదివారపు ఉదయమునకును సమానమైన యాస్తి. ఒకే బావి నీటిని ఇరువురు తోడుకొని, ఒకడు రెండవవానిని మైలవాడని తూలనాడుట తగునా?

అయినను ఈ గానమున దోషములు లేవని మేము చెప్పము. రికార్డునందలి మొదటిపాట శీర్షిక "ఐ గాట్ మై బ్రాండ్ ఆన్ యూ." పశువులకు గుర్తుగ వేయు కాలుముద్ర అను మాటను తీసికొని, ఆ ముద్ర తన ప్రియురాలిపై నున్నదని పురుషుడు గొప్పగ చెప్పుకొనుట ఇందలి విషయము. ఏ జాతి దేహములపై దొరలు నిజముగనే యిట్టి ముద్రలు కాల్చి వేసిరో, ఆ జాతివాడు స్త్రీపై తన యధికారమును చెప్పుటకు ఆ మాటనే యెన్నుకొనుట మనసును నొప్పించుచున్నది. తాళము ఎంత రమ్యముగ నున్నను ఈ నొప్పిని కప్పిపెట్టుట విమర్శకునికి తగదు. చికాగో బ్లూసులో పురుషుని ప్రగల్భము కొన్నియెడల శ్రుతిమించినది. అయితే దీనికి మందు ఆ కళనుండియే వచ్చినది. 1920లలో మా రేనీ, బెస్సీ స్మిత్తు మొదలగు స్త్రీలే ఈ గానమును దేశమంతట వ్యాపింపజేసి, వంచకులగు మగవారిని తమ పాటలలో నిలువదీసిరి. చికాగోలోనే 1960ల నడుమ కోకో టేలర్ అను గాయని వేదిక యెక్కి, పురుషులకు ఏమాత్రమును తీసిపోని గర్జనతో సభలను వశపఱచుకొనెను. పాటను నిషేధించిన ఈ సమాధానము పుట్టియుండదు. పాడు హక్కు స్త్రీకిని లభించుటచేతనే పుట్టినది.

న్యూపోర్టు కచేరీ ముగింపు మిక్కిలి విచిత్రమైనది. ఉత్సవము ఇకమీదట సాగదని యందఱును తలచిరి. సభలో నుండిన లాంగ్‌స్టన్ హ్యూస్ అను నల్లజాతి మహాకవి, అచటనే ఒక తంతి కాగితముపై న్యూపోర్టునకు వీడ్కోలుగ ఒక బ్లూసుపాటను వ్రాసి యిచ్చెను. దానిని ఓటిస్ స్పాన్ పాడెను. అంతవఱకు పరుగిడిన బృందము ఒక్కమాఱు నెమ్మదించి, విలంబకాలమున అడుగులు వేయసాగెను. మోజో పాటలో నాడిన వేళ్లే యిందు ఒక్కొక్క స్వరమును పట్టుకొని విడువలేక విడుచుచున్నవి. కొన్ని నిమిషముల క్రిందట చూచిన కవిత వెంటనే సిద్ధమైన కచేరీపాట యగుటకు కారణమేమి? ఆ పండ్రెండు ఖండముల యచ్చు వారందఱికిని పుట్టుకతో నేర్చిన భాషవంటి దగుటయే. నియమము దృఢముగ నున్నచోటనే ఆశువు సాధ్యమగునని దీనివలన తెలియుచున్నది.

ఇచట మఱియొక సంగతియు ఆలోచింపదగినది. అల్లరి చేసినవారు ధనికుల బిడ్డలు. దండన తగిలినది ఉత్సవమునకు. దాని కొఱకు దుఃఖగీతము పాడవలసి వచ్చినది ప్రత్తిచేలనుండి వచ్చినవారికి. ఇతరుల వేడుక చెడినందులకు తమ కష్టముల భాషలో ఓదార్పు చెప్పిన యా యౌదార్యమును సభ గుర్తించెనో లేదో కాని, వినువారము మనము గుర్తింపక తప్పదు.

సభల భేదమునుగూర్చియు కొంత చెప్పవలెను. 1964 నవంబరు 21వ తేదిన చికాగో దక్షిణభాగమునందలి రీగల్ నాటకశాలలో బి. బి. కింగు చేసిన కచేరీయు రికార్డుగ ప్రసిద్ధమైనది. అచటి శ్రోతలు అధికముగ నల్లజాతివారు. ఆ పాటలతో పెరిగినవారు. వారి కేకలు పాట ముగిసిన పిదప వచ్చునవి కావు. పాదము సగమున ఆగగనే, గిటారు బదులు పలుకకముందే, స్త్రీల గొంతుకలు బదులు పలుకును. గాయకుడు ఆ బదులును విని తన తరువాతి మాటను నడుపును. న్యూపోర్టు సభలో ఉత్సాహము తక్కువది కాదు. కాని యది మెచ్చుకోలు, ఇది సంభాషణము. వినుటయు నొక విద్యయేనని ఈ రెండు రికార్డులను వరుసగ వినిన వారికి తేటపడును. న్యూపోర్టు గొప్పతనమేమనగా, ఆ విద్య తెలియని సభకు మడ్డీ వాటర్సు బృందము కొలదికాలములోనే దాని యోనమాలు నేర్పినది.

ఇక ఋణము మాట. మడ్డీ వాటర్సు 1950లో పాడిన ఒక పాటనుండియే ఇంగ్లండునందలి రోలింగ్ స్టోన్సు బృందము తన పేరును గ్రహించినది. ఆ దేశపు యువకులు పలువురు ఈ గానమును నేర్చి లోకమంతట కోట్లు గడించిరి. 1962లో విల్లీ డిక్సను వ్రాయగా మడ్డీ వాటర్సు పాడిన ఒక పాటలోని యంశములను లెడ్ జెప్పెలిన్ బృందము 1969లో తమ పాటలో చేర్చుకొన్నదని డిక్సను 1985లో వ్యాజ్యము వేయవలసి వచ్చినది. అది 1987లో రాజీతో ముగిసినది. పిమ్మట ప్రతులపై అతని పేరును చేర్చిరి. చికాగో మిచిగన్ వీధిలోని పాత చెస్ కంపెనీ భవనమున నేడు డిక్సను స్థాపించిన సంస్థ, బ్లూసు కళాకారుల హక్కులను కాపాడుట ఉద్దేశములలో నొకటిగ కలది, నెలకొని యున్నది. పాటను మెచ్చుటతో శ్రోత పని తీఱదు. ఎవరి పాటయో తెలిసికొనుటయు, వారి పేరు చెప్పుటయు, వారికి రావలసినది వారికి చేరునట్లు చూచుటయు మెచ్చుకోలులో భాగములే.

మడ్డీ వాటర్సు 1983లో మరణించెను. ఆనాటి బృందమున బేసువాద్యమును, గిటారును, పియానోను, డ్రమ్ములను మ్రోగించిన చేతులు నిశ్శబ్దమై చాలకాలమైనది. కాటన్ 2017లో గతించెను. కాని యా పద్ధతి గతింపలేదు. చికాగో నగరమున 1984 మొదలు బ్లూసు ఉత్సవము నడచుచున్నది. ప్రధానవేదికల కచేరీలకు ప్రవేశరుసుము లేదు. ఆ నగర పరిసరములలో స్థిరపడిన తెలుగువారు వేలకొలదిగ కలరు. వారిలో సంగీతాభిమానులు ఒక్కమాఱైన అచటికి పోయి వినవలెనని మా కోరిక. పోయినపుడు మొదట చప్పుడును వినక, చప్పుడునకు నడుమనున్న యాపుదలను వినవలెను. గాయకుని మాట ఆగినచోట బదులు పలుకు వాద్య మేదో కనిపెట్టవలెను. ప్రక్కవారు చేయు చప్పట్లు తాళమున ఏ దెబ్బమీద పడుచున్నవో చూచి, తామును చేయి కలుపవలెను. ఇంటికి వచ్చి ఆ పాట యెవరిదో విచారింపవలెను.

ఉద్రేకమును నీచమని వెలివేయుటవలన సంఘము శుద్ధి పొందదు. నియమమును ఎఱుగని ఉద్రేకమును పొగడుటవలన కళ వృద్ధి పొందదు. అణగద్రొక్కబడిన జనులు తమకు మిగిలిన తాళమును, ఊపిరిని, ఒకరి కొకరు బదులు పలుకు అలవాటును కూర్చి, తమ్ము అమ్మి కొనిన రేవుపట్టణమునందే ఒక మధ్యాహ్నము అందఱిని లేచి నిలువజేసిరి. ఆ నిలువజేయుటలో ప్రతీకారము లేదు, యాచనయు లేదు. తమ విద్యయందు తమకుగల నిబ్బర మొక్కటియే యున్నది. అట్టి నిబ్బరమును గౌరవముతో వినుటకు మన చదువరులు చెవి యొగ్గుదురుగాక.